రెండు సిమ్‌లూ ఒకే టవర్ మీద ఉంటే దాన్ని పోటీ అంటారా?

లంకగట్టు:
కోనసీమలో చాలామంది రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకుంటారు, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. ఆ రెండూ ఒకే స్తంభం ఎక్కి, ఒకే బ్యాటరీ మీద నడుస్తుంటే కరెంటు పోయిన ఆరేడు గంటలకు రెండూ కలిసే పోతాయి. 2020లో ఇండస్, భారతీ ఇన్‌ఫ్రాటెల్ అనే టవర్ కంపెనీలు ఒకటయ్యాయి. 2024లో వొడాఫోన్ తన వాటా అమ్ముకుని తప్పుకుంది, ఇండస్ ఎయిర్‌టెల్ చేతిలోకి వచ్చింది. జియో టవర్లను బ్రూక్‌ఫీల్డ్ అనే పెట్టుబడుల కంపెనీ 2020లో తీసుకుంది, 2024లో ఏటీసీ ఇండియా అనే ఇంకో టవర్ కంపెనీనీ కొనేసింది. సిమ్ అమ్మేవాళ్లు నలుగురు కనిపిస్తారు గానీ టవర్ల దగ్గరికొచ్చేసరికి పెద్ద చేతులు రెండే. నా లెక్కలో ఇది పోటీ కాదు.

డీజీసెట్:
గట్టుగారూ, పంచుకోవడమే తప్పంటే ఎలాగండి? పంచుకునేది స్థలం, స్తంభం, కరెంటు, బ్యాటరీ, డీజిల్. యాంటెన్నా, రేడియో, స్పెక్ట్రమ్ ఎవరివి వాళ్లవే. ఏటి మధ్య లంకలో నాలుగు కంపెనీలూ నాలుగు టవర్లు వేస్తే ఒక్కదానికీ అద్దె గిట్టదు. అప్పుడు అక్కడ ఒక్క టవరూ ఉండదు.
ఇంకోటి, ఆరేడు గంటలన్నది మీరు ఏ లెక్కన చెప్పారు?

పాలకొల్లు_శ్రోత:
బీఎస్ఎన్ఎల్‌కి సొంత టవర్లున్నాయి కదండీ. దాన్ని లెక్కలోంచి ఎందుకు తీసేశారు?

లంకగట్టు:
తీసెయ్యలేదండి. రెండో సిమ్ బీఎస్ఎన్ఎల్ అయితే అది నిజంగానే రెండో సిమ్. 2025 సెప్టెంబరులో దాని దేశీయ 4జీ కూడా మొదలైంది. నేనడుగుతున్నది ప్రైవేటు కంపెనీల సంగతి.
ఆరేడు గంటలు బ్యాటరీ సామర్థ్యం మీద చెప్పింది. కాదంటే మీ లెక్క చెప్పండి.

డీజీసెట్:
చెప్తాను. 48 వోల్టుల మీద 600 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీల వరస అనుకుందాం. గుణిస్తే 28.8 యూనిట్లు. సీసం బ్యాటరీని అడుగంటా దింపకూడదు, 80 శాతం వాడితే 23 యూనిట్లు. ఒకే కంపెనీ రేడియోలు 2 కిలోవాట్లు లాగితే పదకొండు గంటలు వస్తుంది. అదే స్తంభం మీదికి ఇంకో ఇద్దరొచ్చి, 5జీ కూడా పెట్టి లోడు 5 కిలోవాట్లకు చేరితే లెక్క ప్రకారం నాలుగున్నర. సీసం బ్యాటరీ నుంచి ఎక్కువ లోడు లాగితే అది ఇచ్చే మొత్తమే తగ్గుతుంది కాబట్టి నాలుగు గంటలే అనుకోండి. అది కూడా కొత్త బ్యాటరీ అయితేనే. ఎండలో కాగిన క్యాబినెట్‌లో పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. కాబట్టి ఆరేడు తప్పు.

లంకగట్టు:
అంటే నేను చెప్పినదానికన్నా అధ్వానమని మీరే ఒప్పుకున్నారు! అద్దెకు మూడో కంపెనీని ఎక్కించుకుని బ్యాటరీ పెంచకపోతే ఎవరిది తప్పు?

డీజీసెట్:
అధ్వానం అనలేదు. తప్పు లెక్క తప్పే అన్నాను. ఆ తరవాత జనరేటర్ ఉంటుంది కదండీ. వంద లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే గంటకు రెండు లీటర్ల చొప్పున రెండు రోజులు.

లంకగట్టు:
నిండుగా ఉంటే.

వనామీచెరువు:
బ్యాటరీ ఎన్ని గంటలైనా చెరువు వాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. మోటారుకు తగిలించే మొబైల్ స్టార్టర్ పంపే ఫోన్ కాల్ మీద ఏరియేటర్లను (చెరువు నీళ్లకు గాలి పట్టించే యంత్రాలను) వదిలెయ్యకండి. తెల్లవారుజామున కరెంటు పోయి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 3 పీపీఎం కిందికి దిగితే రొయ్య పైకి తేలడానికి ఎంతోసేపు పట్టదు. కరెంటు పోగానే గట్టు మీదే మోగేలా రిలే, సైరన్ పెట్టుకోండి, దానికి 12 వోల్టుల బ్యాటరీ విడిగా ఇవ్వండి. సిగ్నల్‌తో దానికి పనిలేదు.

డీజీసెట్:
మంచి మాట. తుఫాను రాత్రి జనరేటర్ ఎందుకు ఎక్కదో కూడా చెప్తాను, అసలు సంగతి అక్కడుంది. స్టార్టింగ్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. కరెంటు పోతే దానంతటదే ఎక్కించే ప్యానెల్‌ను ఎవరో మాన్యువల్‌లో వదిలేసి ఉంటారు. డీజిల్‌లో నీళ్లు చేరి ఫిల్టర్ మూసుకుపోతుంది. వీటిలో ఏదీ గాలివాన తెచ్చింది కాదు. వారానికోసారి లోడు మీద పావుగంట నడిపి చూస్తే మూడూ ముందే బయటపడతాయి. ఇక టవర్ బతికున్నా దాన్ని మిగతా నెట్‌వర్క్‌కు కలిపే ఫైబర్ తెగితే దండగ. రెండు దారుల్లో వేశామంటారు, ఆ రెండూ రావులపాలెం వంతెన మీదుగానే పోతే అది ఒకే దారి. ఒకటి సిద్ధాంతం వంతెన వైపు, ఇంకోటి చించినాడ వంతెన వైపు పోవాలి.

రాజోలు_కొబ్బరి:
తుఫానప్పుడు ఏ కంపెనీ సిగ్నలైనా వాడుకోవచ్చని ప్రభుత్వం చెప్తుంది కదా, ఇక గొడవేంటి?

లంకగట్టు:
ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు దాన్ని. సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్‌లో ఉంచుకోవాలి. కానీ అందరూ ఒకే స్తంభం మీద ఉండి అది ఆగిపోతే పక్క కంపెనీ సిగ్నల్ ఎక్కణ్నుంచి వస్తుందండి? డీజీసెట్ గారు దీనికి జవాబు చెప్పకుండా ఫిల్టర్లూ ప్యానెళ్లూ చెప్తున్నారు. టవర్ కంపెనీ మనిషిలా మాట్లాడుతున్నారు.

డీజీసెట్:
ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను చెప్పిన ప్రతి లోపమూ టవర్ కంపెనీదే. మీకు లెక్క అక్కర్లేదు, కోపం కావాలి.

లంకగట్టు:
సరే, ఆ మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. కోపం ఎక్కడొస్తోందో చెప్తాను, వినండి. 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నాణ్యతా నిబంధనల ప్రకారం 24 గంటలు దాటి సర్వీసు ఆగితే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పొడిగింపు ఇవ్వాలి. కానీ ఆగింది జిల్లా స్థాయిలో అయ్యుండాలి. ఒక లంక మూడు రోజులు చీకట్లో ఉన్నా లెక్కలోకి రాదు. పైగా ప్రకృతి వైపరీత్యమైతే మినహాయింపు. టవర్ ఆగితే టవర్ కంపెనీ సిమ్ కంపెనీకి ఒప్పందం ప్రకారం జరిమానా కడుతుంది, రీఛార్జి చేసుకున్నవాడికి పైసా రాదు. పోటీ నిజంగా ఉంటే ఎవరో ఒకరు మా బ్యాటరీ పన్నెండు గంటలు ఆగుతుందని చెప్పుకుని సిమ్ అమ్ముకునేవారు. ఒక్కరైనా అమ్ముతున్నారా?

డీజీసెట్:
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదండి. స్తంభం పంచుకోవడం తప్పంటే ఇప్పుడూ ఒప్పుకోను. మినహాయింపు విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను. గాలికి టవర్ కూలితే అది వైపరీత్యం. కరెంటు పోయిన నాలుగు గంటలకు బ్యాటరీ అయిపోయి, జనరేటర్ ఎక్కకపోతే అది నిర్వహణ లోపం. ఏది ఏదో తేల్చడం కష్టమూ కాదు. మెయిన్స్ కరెంటు పోయింది, బ్యాటరీ తగ్గింది, జనరేటర్ ఎక్కలేదు అని ప్రతి అలారమూ టైముతో సహా టవర్ కంపెనీ కంట్రోల్ రూముకి చేరుతుంది.

లంకగట్టు:
ఆ చిట్టా సిమ్ కొన్నవాళ్లకు చూపిస్తారా?

డీజీసెట్:
చూపించరు. నాలుగు కంపెనీలదీ ఊరివారీగా బయటపెట్టమని అడగాలి.

లంకగట్టు:
అలాగైతే స్తంభం ఒక్కటే అయినా నాకు అభ్యంతరం లేదండి.