60 అని ఉంటే 60కే పెట్టాను, మరి ఇంత నెమ్మదిగా ఎందుకొస్తోంది?

కీబోర్డు_కొత్త:
సొంతంగా కీబోర్డు నేర్చుకుంటున్నాను. స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) మీద ఏ స్వరం ఎక్కడుందో చదవడం పర్వాలేదు గానీ, లెక్క దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోతోంది. ఇప్పుడు పట్టుకున్న ముక్క 16 బార్లే (నిలువు గీతల మధ్య పడే గడులు). మొదట్లో 6/8, పైన ఆందాంతే అని వేగం చెప్పే మాట, దాని పక్కన ఒక నోటు బొమ్మ వేసి = 60 అని ఉంది. సరే అని మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని అని టిక్కులు కొట్టే పరికరం) 60కి పెట్టి, టిక్కుకో ఎయిత్ నోట్ (పూర్తి నోటులో ఎనిమిదో వంతు నిడివి) చొప్పున బార్‌కి ఆరు లెక్కపెట్టుకుంటూ వాయిస్తే నిమిషంన్నర దాటిపోతోంది. పుస్తకంతో వచ్చిన ఆడియోలో అదే ముక్క అర నిమిషంలో అయిపోతోంది! వాళ్లు పరిగెడుతున్నారా, నేను తప్పు చదువుతున్నానా? ఇంకోటి, 6/8ని కుదిస్తే 3/4 కదా, మరి రెండు రకాలుగా రాయడం ఎందుకు?

పాత_వయొలిన్:
ఆ నోటు బొమ్మ పక్కన చిన్న చుక్క ఉందేమో ఒకసారి చూసి చెప్పండి.

కీబోర్డు_కొత్త:
ఉందండి. ఇన్నాళ్లూ ప్రింటు మచ్చ అనుకున్నాను.

పాత_వయొలిన్:
మీ కథంతా ఆ మచ్చలోనే ఉంది. నోటు పక్కన చుక్క పెడితే దాని నిడివిలో సగం అదనంగా కలుస్తుంది. మామూలు క్వార్టర్ నోట్‌లో రెండు ఎయిత్‌లు పడతాయి, చుక్క ఉన్నదాంట్లో మూడు. అంటే మెట్రోనోమ్ ఒక్కసారి టిక్ అనేలోపు మీరు మూడు ఎయిత్‌లు వాయించాలి, బార్‌కి రెండే టిక్కులు. 16 బార్లు, 32 టిక్కులు, 32 సెకన్లు. మీరు టిక్కుకి ఒకటే వాయించారు కాబట్టి 96 సెకన్లు పట్టింది. ఆడియో వాళ్ల తప్పేం లేదు.

ఒక్కసారిగా ఆ స్పీడు అందుకోవాలని టెన్షన్ పడకండి. ముందు మెట్రోనోమ్ 120కి పెట్టి టిక్కుకో ఎయిత్ వాయించండి, అది చుక్క క్వార్టర్‌కి 40 అన్నట్టే. చేయి కుదిరాక 40కి పెట్టి టిక్కుకి మూడు చొప్పున వాయించండి, తర్వాత కొంచెం కొంచెంగా 60 దాకా తీసుకెళ్లండి.

తకిట_తక:
3/4 సంగతి నేను చెప్తాను. ఇది భిన్నం కాదండీ బాబూ, కుదించకూడదు! కింది అంకె ఏ నోటుతో కొలుస్తున్నామో చెప్తుంది, పై అంకె బార్‌లో అలాంటివి ఎన్నో చెప్తుంది. రెండింట్లోనూ ఆరు ఎయిత్‌లు పడతాయి, కాకపోతే ఊనిక పడే చోటు వేరు. నోటితో అని చూడండి: 6/8 అంటే తకిట తకిట. 3/4 అంటే తక తక తక. అక్షరాలు ఆరే, చేత్తో చరిస్తే మొదటిదాంట్లో రెండు దెబ్బలు, రెండోదాంట్లో మూడు.

కాగితం మీద కూడా తెలిసిపోతుంది. ఎయిత్ నోట్ల కాడల చివర్లని అడ్డంగా కలిపే గీత, అదే బీమ్, 6/8లో మూడేసి నోట్లని కలుపుతుంది, 3/4లో మామూలుగా రెండేసిని (ఒక్కోసారి ఆరింటినీ ఒకే గీతకి తగిలిస్తారు). నేనైతే కొత్త పేజీ తీయగానే పై అంకె కన్నా ముందు బీమ్‌లే చూస్తాను.

మధ్యలో_బేస్:
పై ఇద్దరూ చెప్పింది కరెక్టే, కానీ 6/8 కనిపించిన ప్రతిసారీ రెండు దెబ్బలే అని ఫిక్స్ అయిపోవద్దు. బాగా నెమ్మది ముక్కల్లో ఆరూ విడివిడిగానే లెక్కపెడతారు, అప్పుడు పైన చుక్క క్వార్టర్ బదులు ఎయిత్ బొమ్మే వేస్తారు. అందుకే అంకె కన్నా ముందు బొమ్మ చూడాలి.

నేను ఇలాగే ఒకసారి పరువు పోగొట్టుకున్నాను. పేజీ మొదట్లో నిలువు గీత కొట్టిన సి లాంటి గుర్తు ఉంది, అంటే 2/2, దెబ్బ హాఫ్ నోట్‌కి (రెండు క్వార్టర్లకి ఒకటి) పడాలి. నేను గీత గమనించకుండా 4/4 అనుకుని ఇంట్లో సగం స్పీడులో ప్రాక్టీస్ చేసి, అందరితో కలిసి వాయించడానికి వెళ్లాను. నేను రెండో లైన్లో ఉండగా మిగతావాళ్లు నాలుగో లైన్ దాటేశారు. అన్నట్టు ఆ సి కామన్ అనే మాటకి పొట్టి రూపం కాదు, పాతకాలపు విరిగిన సున్నా. అప్పట్లో నిండు సున్నా మూడు లెక్కకి, విరిగినది రెండు లెక్కకి గుర్తు.

ఆందాంతే, అల్లెగ్రో లాంటి మాటలకి కచ్చితమైన స్పీడు లేదు. ఆందాంతే అంటే నడుస్తున్నట్టు, అల్లెగ్రో అంటే ఉల్లాసంగా, అంతే. మెల్‌జెల్ అనే ఆయన 1815లో మెట్రోనోమ్‌కి పేటెంట్ తీసుకున్నాకే ఈ అంకెల పద్ధతి ఊపందుకుంది. 1817లో బీథోవెన్ అప్పటిదాకా రాసిన తన ఎనిమిది సింఫనీలకీ అంకెలు ప్రకటించాడు, వాటిలో కొన్ని మరీ ఫాస్ట్ అని ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు. కాబట్టి మీరు 60 బదులు 54లో వాయించినా కొంపలు మునగవు. 20లో వాయిస్తే మాత్రం వినేవాళ్లు నిద్రపోతారు.

కీబోర్డు_కొత్త:
తకిట తకిట అనుకుంటూ 40లో వాయించాను, మొదటిసారి పాటలా వినిపించింది! ఇంకో డౌట్. తర్వాతి పేజీలో 6/8 పోయి 2/4 వచ్చింది, పైన రెండు ఎయిత్ బొమ్మలు, మధ్యలో ఈక్వల్ గుర్తు. అంటే దెబ్బ అదే స్పీడులో ఉంచాలా?

పాత_వయొలిన్:
కాదు, ఎయిత్‌లు అదే స్పీడులో ఉండాలి. ఇప్పటిదాకా మూడు ఎయిత్‌లకి ఒక దెబ్బ, ఇకమీద రెండింటికే, కాబట్టి దెబ్బలు దగ్గరపడతాయి. మీది 60 అయితే నిమిషానికి 180 ఎయిత్‌లు, 2/4లో మెట్రోనోమ్ 90 అవుతుంది. అక్కడ చుక్క క్వార్టర్ = క్వార్టర్ అని ఉంటే అప్పుడు మీరన్నట్టే, దెబ్బ 60లోనే ఉండి ఎయిత్‌లు నెమ్మదిస్తాయి.

తకిట_తక:
తకిట తకిట తక తక అని ఆపకుండా అనండి, అక్షరాల స్పీడు మార్చొద్దు. చెయ్యి దానంతటదే తొందరపడుతుంది.