ఎవానీ శిక్షణ నుంచి మన పిల్లలకు ఏం తీసుకోవచ్చు?

ప్రశ్న: విజయనగరం అయోధ్యా మైదానంలో సాయంత్రం పూట పదమూడేళ్ల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఇటలీ మాజీ మిడ్‌ఫీల్డర్ అల్బెరికో ఎవానీ ఆ తరువాత యువజట్లకు శిక్షకులయ్యారని చదివాను. ఆయన నుంచి మనం గ్రహించదగినది ఏమిటండీ?

జవాబు: మాస్టారూ, 1989లో టోక్యోలో జరిగిన ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫైనల్‌లో 119వ నిమిషాన ఫ్రీకిక్‌తో తన క్లబ్ మిలాన్‌ను గెలిపించినదీ, 1994 ప్రపంచకప్ ఫైనల్ సమమయ్యాక జరిగిన పెనాల్టీ షూటౌట్‌లో తన పెనాల్టీని గోలుగా మలచినదీ ఆయనే (అదే షూటౌట్‌లో ఆయన సహచరుడు బాజియో గోలు తప్పినదే అందరికీ గుర్తు, పాపం!). అంతకన్నా నాకు ముఖ్యమనిపించేది, 2017 అండర్-20 ప్రపంచకప్‌లో ఆయన శిక్షణలోని ఇటలీ కుర్రాళ్లు షూటౌట్‌లోనే ఉరుగ్వేను ఓడించి మూడో స్థానంలో నిలవడం.

మరో జవాబు: ఎవానీలాంటి మిడ్‌ఫీల్డర్ బంతి అందకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకోవాలి. శ్రీకాకుళంలో మా పిల్లల వెనక నిలబడి నేను వేళ్లు చూపిస్తాను. బంతి కాలికి తగిలేలోగా ఎన్ని వేళ్లో వాళ్లు చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు: ఈ వేళ్ల పద్ధతిని రేపే మొదలుపెడతానండీ.