లాబ్‌స్టర్ తోకలు గ్రిల్ మీద రబ్బరులా అయిపోతున్నాయి, ఎక్కడ తప్పుతున్నాను?

కొత్త గ్రిల్లు:
అందరికీ నమస్కారం. ఇంట్లో బొగ్గుల గ్రిల్ మీద లాబ్‌స్టర్ తోకలు రెండుసార్లు కాల్చాను, రెండుసార్లూ చెడగొట్టాను. మొదటిసారి పెంకు బాగా ఎర్రబడింది కదా, ఉడికిపోయి ఉంటుందిలే అని దించేశాను. కొస వైపు సన్నటి భాగం రబ్బరు, లావు వైపు మధ్యలో మాత్రం ఇంకా గాజులా, జిగురుగా ఉంది. రెండోసారి ఆ భయంతో ఇంకో ఐదు నిమిషాలు ఉంచాను. ఈసారి మొత్తం రబ్బరే. పైగా వెన్న రాసినప్పుడల్లా మంటలు లేచి కండకు మసి పట్టింది. కొంత కండ గ్రిల్ ఊచలకు అంటుకుని అక్కడే ఉండిపోయింది.

ఫ్రోజెన్ తోకలు, ఒక్కోటి 170 గ్రాముల దాకా ఉంటుంది. పొద్దున్నే ఫ్రీజర్‌లోంచి తీసి సింక్ పక్కన పెడితే మధ్యాహ్నానికి మెత్తబడ్డాయి. వచ్చే ఆదివారం నలుగురు భోజనానికి వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. కాస్త దారి చూపించండి.

నిప్పుల దగ్గర మనిషి:
ముందు రెండు విషయాలు చెప్పండి. తోకను ఎలా కోశారు? నిప్పులు ఎలా పరిచారు?

కొత్త గ్రిల్లు:
పైపెంకును కత్తెరతో నడిమికి కత్తిరించి, వీడియోలో చూసినట్టు కండను పైకి లాగి పెంకు మీద కూర్చోబెట్టానండీ. నిప్పులు గ్రిల్ అంతా సమానంగా పరిచాను. మూత వేయలేదు.

నిప్పుల దగ్గర మనిషి:
అయితే మీ బాధ సగం అక్కడే ఉంది. కండను పెంకు మీద కూర్చోబెట్టేది చూడ్డానికి బాగుంటుంది కానీ అది ఓవెన్‌కు సరిపోయే పద్ధతి. ఓవెన్‌లో వేడి పైనుంచి కూడా వస్తుంది, కండ పైన ఉంటుంది, లెక్క కుదురుతుంది. గ్రిల్‌లో వేడి కిందనుంచి వస్తుంది. మూత కూడా వేయకపోతే పైనున్న కండకు వేడి అందేసరికి కింద పెంకు మాడుతుంది. అప్పుడు మీరు దాన్ని బోర్లిస్తారు, గట్టిగా పట్టుకునే ఆధారం లేని కండ ఊచలకు అంటుకుంటుంది. మీకు జరిగింది ఇదే అనుకుంటున్నాను.

గ్రిల్ కోసమైతే తోకను నిలువునా రెండు చెక్కలుగా చీల్చేయండి. పెద్ద కత్తి మొన పెంకు నడిమిన దించి, తోక చివర విసనకర్రలా విచ్చుకున్న భాగం దాకా ఒకే ఒత్తుడుతో లాగాలి. పూర్తిగా కరిగిన తోక కత్తి కింద జారుతుంది. లోపల కొంచెం గట్టితనం ఉండగానే కోస్తే సాఫీగా తెగుతుంది. కోశాక నడుమ నల్లటి గీత కనబడితే అది పేగు, లాగి పారేయండి. ఇలా చీలిస్తే ప్రతి ముక్కకూ ఒకవైపు కండ, ఒకవైపు పెంకు ఉంటాయి. ఆ పెంకే మీకు మూకుడు. కండలోంచి ఊరే రసం అందులోనే నిలుస్తుంది. చీల్చడం ఇష్టం లేక తోకను నిండుగానే ఉంచాలంటే దాని పొడుగునా ఒక ఊచ గుచ్చండి. వేడి తగలగానే కండరం ముడుచుకుని తోక వంకర తిరుగుతుంది. వంకర తిరిగితే ఒక చోట నిప్పుకు తగులుతుంది, ఇంకో చోట తగలదు.

ఇక నిప్పులు. అన్నీ ఒక పక్కకే పోగెయ్యండి, రెండో పక్క ఖాళీగా ఉంచండి. ఊచలకు జానెడు కన్నా తక్కువ ఎత్తులో అరచెయ్యి పెట్టి చూడండి. మూడు నాలుగు సెకన్లకు తీసేయాలనిపిస్తే ఆ వేడి చాలు, థర్మామీటర్ ఉన్న మూత అయితే 200 నుంచి 230 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపించాలి. కండకు పల్చగా నూనె రాయండి. నూనె ఊచలకు కాదు, కండకే. ఊచలను మాత్రం వేడెక్కాక ఇనుప బ్రష్‌తో గీకి శుభ్రం చేయండి. అంటుకోవడానికి పాత మసి ఒక కారణం, చల్లటి ఊచలు ఇంకో కారణం.

కండ వైపు కిందికి పెట్టి రెండు, మూడు నిమిషాలు కదపకండి. గీతలు పడ్డాక అదే ఊచలను వదిలి వస్తుంది. రాకపోతే లాగకండి, ఇంకో అరనిమిషం ఆగండి. తర్వాత పెంకు వైపుకి తిప్పి, నిప్పులు లేని పక్కకు జరిపి మూత వేయండి. మీ సైజుకు అక్కడ మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. సన్నటి కొస ఎప్పుడూ నిప్పుకు దూరంగా, లావు వైపు నిప్పు దిక్కుగా ఉండాలి. మొదటిసారి మీకు ఒక కొస రబ్బరు, ఇంకో కొస పచ్చి అవ్వడానికి ఇది కూడా ఒక కారణమే.

నిమిషాలను మరీ నమ్మకండి. నా పాత గ్రిల్ మీద ఏడు నిమిషాలు పట్టేది కొత్తదాని మీద ఐదుకే అయిపోతోంది. సూది థర్మామీటర్ కొనుక్కోండి, మీ రెండు విందుల నష్టం కంటే చవకే.

తేటనెయ్యి:
మంటల సంగతి నేను చెప్తాను. వెన్నలో 80 శాతం పైగా కొవ్వు, మిగతాది నీళ్లు, పాల పదార్థం. ఆ పాల పదార్థమే ముందు మాడి మసి అవుతుంది, 175 డిగ్రీలకే పొగ మొదలు. కారిన కొవ్వు బొగ్గుల మీద పడి మంట లేస్తుంది. నిప్పు మీద ఉన్నంతసేపు వెన్న రాయకండి. తప్పదనుకుంటే నెయ్యి రాయండి, దానికి 250 డిగ్రీల దగ్గర దాకా పొగ రాదు. వెల్లుల్లి వేసిన వెన్న ఎవరికైనా ఇష్టమే కానీ దాన్ని చివర్లో, పెంకు వైపు కింద ఉన్నప్పుడు, నిప్పులు లేని పక్కన మాత్రమే పోయండి. తరిగిన వెల్లుల్లి నిప్పు మీద అరనిమిషంలో చేదెక్కుతుంది.

రెండో వాయి:
ఇంత గొడవెందుకు? ముందు నీళ్లలో ఉడకబెట్టి, తర్వాత రంగు కోసం రెండు నిమిషాలు గ్రిల్ మీద పెడితే పచ్చి అనే భయమే ఉండదు. మేం అలాగే చేస్తాం.

నిప్పుల దగ్గర మనిషి:
పెద్ద తోకలకైతే అలా చేసేవాళ్లు ఉన్నారన్నా, తప్పనను. కానీ 170 గ్రాముల తోక అంటే గ్రిల్ మీదే పది నిమిషాల లోపు అయిపోయే వస్తువు. దాన్ని ఉడకబెడితే రుచి నీళ్లలోకి పోతుంది, మళ్లీ నిప్పు మీద పెడితే రెండోసారి ఉడుకుతుంది. ఈయన బాధే రబ్బరు కదా.

ఉప్పునీళ్లు:
కరిగించే పద్ధతి గురించి ఎవరూ అనలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా సింక్ పక్కన పెట్టడం మానేయండి. లోపల గడ్డకట్టి ఉండగానే పైభాగం గది వేడికి వచ్చేస్తుంది, రెండు గంటలు దాటితే అది మంచిది కాదు. ముందు రోజు రాత్రి ఒక గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. మరిచిపోతే గాలి చొరని కవర్లో వేసి చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. ఈ సైజువి గంటలోపు కరుగుతాయి. వేడి నీళ్లు వద్దు.

ఇంకోటి, ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చూడండి. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే ఆ కండ నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. గ్రిల్ మీద ఆ నీళ్లన్నీ ఊరి కండ కాలే బదులు ఆవిరికి ఉడుకుతుంది. అలాంటివాటిని కాగితపు టవల్‌తో మామూలు కంటే గట్టిగానే అద్దాలి. అద్దాక ఉప్పు తక్కువ వేయండి, ముందే ఉప్పగా ఉండొచ్చు.

కొత్త గ్రిల్లు:
చాలా చాలా థాంక్స్ అందరికీ. జాబితా చూశాను, ఆ పేరు ఉంది! ఒక్క సందేహం. థర్మామీటర్‌లో ఎంత చూపిస్తే దించాలి? పెంకు ఎర్రబడటం లెక్కలోకి రాదా?

నిప్పుల దగ్గర మనిషి:
పెంకు ఎరుపు కండ సంగతి ఏమీ చెప్పదు. పెంకులో అస్టాక్సాంథిన్ అనే ఎర్ర రంగు మొదటి నుంచీ ఉంటుంది. ఒక ప్రోటీన్‌ దాన్ని పట్టుకుని ఉండటం వల్ల ముదురు నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తుంది. వేడికి ఆ ప్రోటీన్ విడిపోగానే ఎరుపు బయటపడుతుంది. నిప్పుకు దగ్గరున్నది పెంకే కాబట్టి లోపల ఇంకా పచ్చిగా ఉండగానే అది ఎర్రబడిపోతుంది.

నేనైతే లావు చోట నడిమికి సూది గుచ్చి 57 దగ్గర దించుతాను. పళ్లెంలోకి వచ్చాక ఇంకో రెండు మూడు డిగ్రీలు దానంతటదే ఎక్కుతుంది. సూది పెంకుకు తగలకుండా చూసుకోండి, తగిలితే తప్పు లెక్క చూపిస్తుంది.

ఉప్పునీళ్లు:
అన్నా, ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించను. అమెరికా ప్రభుత్వ ఆహార భద్రతా సూచనల్లో చేపలు, రొయ్యల జాతికి 63 డిగ్రీలు అని ఉంది. లాబ్‌స్టర్‌కు కండ ముత్యంలా తెల్లబడి, వెలుతురు దూరనట్టు ఉండాలని గుర్తు కూడా చెప్తారు. వచ్చేవాళ్లలో గర్భిణులు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే 63 కంటే ముందు దించకండి.

నిప్పుల దగ్గర మనిషి:
అతిథుల విషయంలో మీ మాటే సరి. నాది నా పళ్లెం వరకే.

తేటనెయ్యి:
వచ్చేవాళ్లను రొయ్యలు, పీతలు పడతాయా అని ముందే అడగండి. అవి పడనివాళ్లకు లాబ్‌స్టర్ కూడా ఎక్కువగా పడదు. ఆ ఎలర్జీ తెచ్చే ప్రోటీన్ కాల్చినా పోదు. కొందరికి వండేటప్పుడు వచ్చే ఆవిరి చాలు. వాళ్లకు పెట్టే కూరగాయలు కూడా అదే గ్రిల్ మీద, అదే పట్టకారుతో కాల్చకండి.

కొత్త గ్రిల్లు:
ఆదివారం అయిపోయింది. నాలుగు తోకలు, ఎనిమిది చెక్కలు. చీల్చడం అనుకున్నంత కష్టం కాలేదు, మొదటిది మాత్రం వంకరగా తెగింది. ఒక్క ముక్క కూడా అంటుకోలేదు! అతిథులు కాబట్టి 63 దాకా ఉంచాను, అయినా రబ్బరు కాలేదు. నెయ్యి సలహా ఇచ్చినవారికి ప్రత్యేకంగా దండం, మంట ఒక్కసారి కూడా లేవలేదు.

కానీ ఒక తోక మాత్రం వింతగా ఉంది. 63 చూపించినా నోట్లో పిండిలా, జావలా విడిపోయింది. మిగతావన్నీ బాగున్నాయి. వాసన ఏమీ రాలేదు. మేం దాన్ని పక్కన పెట్టేశాం. ఏం తప్పు చేశాను?

ఉప్పునీళ్లు:
అది మీ తప్పు కాకపోవచ్చు. లాబ్‌స్టర్ చనిపోగానే దాని ఒంట్లోని ఎంజైములు కండను కరిగించడం మొదలుపెడతాయి. తోకను తీయడం ఆలస్యమైనా, ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించినా ఇలా జావ అవుతుంది. గ్రిల్ మీద దాన్ని బాగుచేసే ఉపాయం లేదు. పచ్చిగా ఉండగానే వేలితో నొక్కి చూడండి. బిగువుగా ఉండకుండా గుంట పడి అలాగే ఉండిపోతే, కండ పసుపు పచ్చగానో బూడిద రంగులోనో ఉంటే పక్కన పెట్టండి. అమ్మోనియా ఘాటు వస్తే రెండో ఆలోచన లేకుండా పారేయండి. ప్యాకెట్ లోపల మంచు గడ్డలు బాగా పేరుకుని ఉంటే అది ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందేమోనని అనుమానించాలి.

రెండో వాయి:
పెంకులు దాచారా? కాస్త నూనెలో వేయించి, ఉల్లిపాయ వేసి నీళ్లు పోసి అరగంట మరిగిస్తే సూప్‌కు పనికొచ్చే రసం వస్తుంది. కాల్చినవాటికైతే రుచి ఇంకా ఎక్కువ.

కొత్త గ్రిల్లు:
అయ్యో, ఇప్పుడా చెప్పేది! రాత్రే చెత్తబుట్టలో వేశాను.