టీనియా గుడ్లు కనబడ్డయ్, సోలియమా సాజినేటానా ఎట్ల చెప్పాలె?

ప్రశ్న: అందరికీ నమస్తే. నేను హన్మకొండల డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదువుతున్న. పొద్దుగాల ఒక మోషన్ శాంపిల్ సెలైన్‌ల పెట్టి చూస్తే గుండ్రటి గోధుమరంగు గుడ్లు కనబడ్డయ్, పెంకు మందంగ, దానిమీద సైకిల్ చక్రం పుల్లల లెక్క గీతలు. బద్దెపురుగుదే, టీనియా అని సమజైంది గని ఏ రకమో తెలుస్తలేదు, గంటసేపట్నుంచి మైక్రోస్కోప్ 40ఎక్స్ లెన్సుల చూస్తున్న. పందికూర నుంచి వచ్చేది సోలియం, గొడ్డుకూర నుంచి వచ్చేది సాజినేటా గదా, పేషెంటు పందికూర తినడట, సాజినేటా అని రాసేయొచ్చా?

జవాబు: వద్దు చెల్లె. గుడ్డును చూసి ఆ రెండింటిని విడదీయలేం, రెండూ 30-40 మైక్రాన్లే, రెండిట్లా గుడ్డు లోపలి పిండానికి ఆరు కొక్కేలే. తిండి గురించి విని రిపోర్టు రాయొద్దు. ఇప్పటికి టీనియా జాతి గుడ్లు అని రాసి ఊకో, మోషన్‌ల పురుగు తెల్ల ముక్కలు పడుతున్నయా అడుగు, పడితే ఒకటి డబ్బాల తెమ్మను. దాన్ని రెండు స్లైడ్ల నడుమ పెట్టి మెల్లగ ఒత్తి వెలుగుకు పట్టు, నడుమ గర్భసంచి మొక్క కాడ లెక్క నిలువుగ ఉంటది, దానికి రెండు పక్కల కొమ్మలు. ఒక్క పక్కయే లెక్కపెట్టు, అదీ కాడ దగ్గర మొదలైన కాడ్నే, కొసలు చీలుతయి గాబట్టి అక్కడ లెక్కపెడితే ఎక్కువొస్తయి, నేను కొత్తల గట్లనే తప్పు రాసిన. 7 నుంచి 13 ఉంటే సోలియం, 15 దాటితే సాజినేటా, నడుమ పడితే జాతి పేరుతోనే ఆపెయ్.

ప్రశ్న: పురుగు తల దొరికితే అన్నా?

జవాబు: అప్పుడు పని అల్కగైతది. రెండింటికీ నాలుగు సక్కర్లు (పేగుకు అతుక్కునే గుండ్రటి గుంటలు) ఉంటయి, సోలియంకు వాటికంటె పైన, తల కొసన, రెండు వరుసల కొక్కేలు గూడ ఉంటయి, సాజినేటాకు ఉండయ్.

ఇంకో అక్క: చెల్లె, గ్లౌజులు మాత్రం మరువకు. సోలియం గుడ్లు చేతులకంటి నోట్లెకు పోతే పిల్ల పురుగులు మెదడుకు పోయి గడ్డలు కడ్తయి, ఫిట్స్ వస్తయి, పందికూర ముట్టనోళ్లకు గూడ. ఏ రకమో తేలేదాక సోలియమే అనుకొని పని చెయ్. పిల్లల శాంపిళ్లల్ల పెంకుకు గీతల్లేకుండ, లోపలి పొరకు రెండు కొసల నుంచి సన్న దారాలు కనబడితే అది హైమెనోలెపిస్ నానా అనే ఇంకో చిన్న బద్దెపురుగు, టీనియా గాదు.

ప్రశ్న: పేషెంటు ముక్క తెచ్చిండు. ఒక పక్క 18 కొమ్మలున్నయ్, రెండుసార్లు లెక్కపెట్టిన.

జవాబు: సాజినేటా. కొమ్మల లెక్క గూడ రిపోర్టుల రాయి చెల్లె, డాక్టరుకు పనికొస్తది.