రెండ్రోజులే ఉన్నయి: సూర్యలంక–మోటుపల్లా, రామప్ప–లక్నవరమా?

హంటర్‌రోడ్ అక్క
దసరా సెలవులల్ల రెండు రోజులు దొరికినయి. ఇంట్ల ఏడుగురం. నలుగురు పెద్దోళ్ళు, ఎనిమిదేండ్లది ఒకతి, పదకొండేండ్లోడు ఒకడు, మా అత్తమ్మ. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. సగం మంది బాపట్ల కాడ సూర్యలంక సముద్రం అంటున్నరు, సగం మంది రామప్ప, లక్నవరం అంటున్నరు. ఏది నయమో తెలిసినోళ్ళు చెప్పున్రి. సద్దుల బతుకమ్మ నాడైతే హన్మకొండ ఇడిచి పోయేది లేదు, దాని గురించి చర్చ పెట్టకున్రి.

ములుగు చౌరస్తా
రామప్పనే అక్కా, రెండో మాట లేదు. పొద్దుగాల ఆరింటికి హన్మకొండల ఎల్లితే ఎనిమిది లోపల గుడి ఉన్న ఊరు పాలంపేట. గుడి తూర్పు ముఖం. పొద్దటి ఎండ ఏటవాలుగ పడుతది గనుక చూరు కింద మదనికల, అంటే ఆడ బొమ్మల, మెడల దండలు సుత లెక్కబెట్టొచ్చు. పది దాటిందంటే చూరు నీడ మీద పడి నల్లరాయి నల్లగనే కనిపిస్తది, ఫోటోల ఏం రాదు. పిల్లలకు ఎత్తు మడిమెల చెప్పులేసుకున్న మదనికను ఎతకమని చెప్పున్రి, అరగంట మీ జోలికి రారు. మనం చెప్పులు బయటనే ఇడువాలె కాబట్టి సాక్సులు పెట్టుకొని పోవాలె, మధ్యాహ్నం బండ కాలుతది. పీఠం ఆరడుగుల ఎత్తు, మెట్లు ఎత్తెత్తుగ ఉంటయి, అత్తమ్మకు ఒకరు చెయ్యి పట్టాలె. మండపంల నేల ఎగుడుదిగుడు, కింది ఇసుక పునాది కదిలి బండలు కుంగినయి. ఆడ పైకి చూసుకుంట నడిస్తే పడతరు.

తిరుగుడుల జంగాలపల్లి క్రాస్‌కు వచ్చి, హైవే మీద చల్వాయి దాక పోయి కుడికి తిరిగితే బుస్సాపూర్ మీదికెళ్ళి లక్నవరం. సెలవు నాడు పదకొండు దాటితే బండ్లు వరుస కడతయి, గా సంగతి ఒక్కటి చూసుకోవాలె.

శిలాక్షరం
సూర్యలంక వెళ్ళేట్లయితే మోటుపల్లి వదిలిపెట్టకండి. చీరాల నుంచి సుమారు ఇరవై కిలోమీటర్లు, చినగంజాం వైపు. కాకతీయుల ఓడరేవు అది. అక్కడి వీరభద్రస్వామి ఆలయ మండపంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారట. మేము అలా చేయం, ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి తెగించి వచ్చినవారి సొమ్ము వారికే, సుంకం మాత్రం ముప్పయ్యో వంతు తీసుకుంటాం, అని మన ఓరుగల్లు రాజు సముద్రపు ఒడ్డున రాయించాడు. ఓరుగల్లు కోట తోరణాలు ఏ డబ్బుతో నిలబడ్డాయో తెలుసుకోవాలంటే అక్కడికి వెళ్ళాలి. మార్కోపోలో 'ముత్ఫిలి' అని రాసిందీ దీని గురించే. సాలెగూడంత సన్నని బట్ట నేస్తారని మెచ్చుకున్నాడు.

కాజీపేట జంక్షన్
అన్నా, ఆమె అడిగింది సముద్రం. మీరు రాయి చూపెడుతున్నరు.

అక్కా, పోవుడు సంగతి చెప్త. కృష్ణా ఎక్స్‌ప్రెస్ పగటి బండి, బాపట్లల, చీరాలల ఆగుతది కానీ పగలంతా అందులనే పాయె. రెండ్రోజులే ఉన్నోళ్ళకు రాత్రి బండే దిక్కు, సింహపురి లాంటిది. పండ్లు తోమే యాళ్ళకు దిగుతరు. టైములు మారుతుంటయి, టికెట్ తీసే నాడు చూసుకోవాలె. రిజర్వేషన్ 60 రోజుల ముందట తెరుస్తరు. అసలు తిప్పలేందంటే ఒక్క టికెట్ మీద ఆరుగురికే బుక్కయితది, మీరు ఏడుగురు. అందరు ఆరు, ఒకటి చేసి ఆ ఒక్కలను ఏడనో దూరం బోగీల పడేస్తరు. అట్ల చెయ్యకున్రి. అత్తమ్మ, ఆమెకు తోడు నలభై ఐదు దాటిన ఇంకొక ఆడమనిషి, ఈ ఇద్దరికి లోయర్ బెర్త్ కోటాల వేరే టికెట్ తియ్యాలె. ఆ కోటా ఒక్కలకో ఇద్దరికో మాత్రమే. మూడో పేరు ఎక్కిస్తే కోటా పోతది, అత్తమ్మ పై బెర్త్ ఎక్కాల్సి వస్తది. మిగిలిన ఐదుగురు ఒక టికెట్. తత్కాల్ మీద ఆశ పెట్టుకోకున్రి, పండుగ పూట నిమిషంల అయిపోతది.

పద్మాక్షి గుట్ట
చర్చ ఎటు పోతదో తెలుస్తనే ఉంది, మిర్చీలు తెచ్చుకొని కూసుంట.

శిలాక్షరం
రాయి కాదండీ, శాసనం. ఇంకొక మాట, ఎవరైనా పోటీ పరీక్షల పుస్తకం చూసి ఆ సుంకాన్ని 'కూపశుల్కం' అనుకుంటారేమో. శాసనంలో ఉన్నది 'కౢప్తశుల్కం', అంటే ముందే నిర్ణయించిన సుంకం. కూపానికీ, అంటే బావికీ, దానికీ సంబంధం లేదు.

గ్రూప్స్ గోస
మేము చదివిన ప్రతి మెటీరియల్‌ల కూపశుల్కమే ఉంది సార్. గదే రాసి మార్కు తెచ్చుకున్నం. ఇప్పుడు బావి కాదంటే ఎట్ల?

శిలాక్షరం
మార్కు వచ్చినంత మాత్రాన రాయి మీది అక్షరం మారదు. పాత లిపిలో 'కౢ' అనేది అరుదైన అక్షరం. దాన్ని ఎవరో ఒకరు 'కూ' అని ఎత్తి రాస్తే మిగతావారంతా అదే ఎత్తి రాశారు. శాసనంలో మొదట నిర్ణీత సుంకం అని చెప్పి, వెంటనే ముప్పయ్యో వంతు అని రేటు ఇచ్చాడు, ఆపైన చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు అని సరుకుల పట్టీ. బావి ఎక్కడ ఇముడుతుంది చెప్పండి?

కాజీపేట జంక్షన్
ఇగో, చూసినవా అక్కా? నువ్వు ఏడికి పోవాలె అంటే ఈడ బావి తవ్వుతున్నరు.

బాపట్ల అల్లుడు
సముద్రం గురించి ఎవరూ సరిగా చెప్పలేదు. సూర్యలంక బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. ఒడ్డు పొడుగునా మీ ఇష్టం వచ్చినట్టు నడవలేరు, పక్కన వైమానిక దళం స్థలం ఉంది, కంచె దాటొద్దు.

పెద్ద సంగతి నీళ్ళు. ఈ తీరంలో మునిగిపోయేది లోతుకు పోయినవాళ్ళే కాదు, నడుము లోతులో నిలబడినవాళ్ళు కూడా. అలలు ఇసుక దిబ్బల మీద తెల్లగా విరుగుతాయి. రెండు తెల్లటి వరుసల మధ్య ఒకచోట అల విరగకుండా, నీరు కాస్త నల్లగా, నిమ్మళంగా కనిపిస్తుంది. మనవాళ్ళు అక్కడ అలలు లేవు కదా అని పిల్లల్ని అక్కడే దించుతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారే అది. కాళ్ళ కింద ఇసుకను తోడేస్తూ మనిషిని లాక్కుపోతుంది. చిక్కితే ఒడ్డు వైపు ఈదకూడదు, అలసిపోయి మునుగుతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటు చేరాక వాటితోపాటు ఒడ్డుకు రావాలి. పిల్లలకు హద్దు మోకాలు, అదీ పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని.

ఇంకోటి, అక్టోబర్ రెండో సగం నుంచి ఈశాన్య రుతుపవనాలు, అల్పపీడనాలు. వాయుగుండం పోయిన రెండు మూడు రోజులకు ఎండ కాస్తుంది, సముద్రం బాగానే ఉన్నట్టుంటుంది, అడుగున ఇసుక మాత్రం మొత్తం మారిపోయి ఉంటుంది. పోలీసులు తాడు కడితే వాళ్ళతో వాదించొద్దు. కార్తీక పౌర్ణమికి అసలు రావొద్దు, స్నానాలకు వచ్చే జనంలో పిల్లలు తప్పిపోతారు.

ములుగు చౌరస్తా
అందుకే అంటున్న రామప్ప అని. గుడి ఎవల్నీ లోపలికి గుంజుకపోదు.

శిలాక్షరం
రామప్పలో మాత్రం ఏం చూపిస్తారు? గైడు గర్భగుడి ద్వారం పక్కన వేణుగోపాలుడి శిల్పాన్ని వేలితో కొట్టి సరిగమలు వినిపిస్తాడు, నీళ్ళలో తేలే ఇటుక కథ చెప్తాడు, అయిపోయింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని చెప్పే శాసనం ఆవరణలోనే ఉంది, దాని ముందు ఒక్కరూ ఆగరు. యునెస్కో 2021లో గుర్తించినా అంతే. ఆ శిల్పాన్ని రోజూ అందరూ కొడుతుంటే ఎన్నాళ్ళుంటుంది?

ములుగు చౌరస్తా
కొట్టుడు తప్పే, ఒప్పుకుంట. కానీ గైడ్లనందరిని ఒక్క కట్టల కట్టకు. ఇటుక తేలుడు కథ కాదు, శిఖరం బరువు తగ్గియ్యాలెనని గుల్లగ ఉండే తేలిక ఇటుక కాల్చిన్రు, అది తెలివి. పిలగాండ్లకు గదే యాదుంటది. నీ కౢప్తం యాదుండదు.

కాజీపేట జంక్షన్
ఇప్పుడు ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం. మోటుపల్లిల ఏముంది? ఓడల్లేవు, రేవు లేదు, పాత గోడలు లేవు. ఒక ఊరు, ఒక గుడి, దారిల ఉప్పు మళ్ళు. ఇద్దరు పిలగాండ్లు, నడవలేని ముసలామె, ఎండ. ఆటోకు పైసలు పెట్టి పోయి, ఒక స్తంభం ముందు నిలబడి ఏం జెయ్యాలె? పోయినేడు ఒక ట్రావెల్సోడు గిట్లనే 'చారిత్రక ప్రదేశం' అని రాసి ఒక గడ్డి బీడు కాడ దించి పది నిమిషాలిచ్చిండు. ఆ పైసలు ఇంతవరకు వాపస్ రాలే. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

శిలాక్షరం
ట్రావెల్స్ వాడు మోసం చేస్తే గణపతిదేవుడేం చేస్తాడు?

పద్మాక్షి గుట్ట
ముప్పయ్యో వంతు పట్టుకొని మిగిలింది వాపస్ ఇస్తడు.

కాజీపేట జంక్షన్
నవ్వున్రి. కానీ ఈయన ప్రతి చర్చల గిదే పాట. లక్నవరంల ఊగే వంతెన మీద ఫోటో దిగినోళ్ళు ఈయన లెక్కల మనుషులు కాదు.

శిలాక్షరం
నేను ఆ మాట అనలేదు. అయినా మీరే అన్నారు కాబట్టి చెప్తున్నాను, వంతెన ఎక్కడైనా ఊగుతుంది. ఫోటో కోసమే అయితే ఇంత దూరం దేనికి?

ములుగు చౌరస్తా
ఆగు ఆగు. లక్నవరం సుత కాకతీయుల చెరువే. మూడు దిక్కుల గుట్టలు చూసి, ఉన్న సందుకు కట్ట పోసి నీళ్ళు నిలబెట్టిన్రు. ఇప్పటికీ దాని కింద వరి పారుతది. రాజు రాయి మీద రాసింది చరిత్ర, రైతు బుక్కెడు తినేది చరిత్ర కాదా? శాసనం చదవరానోళ్ళకు చరిత్ర లేదన్నట్టు మాట్లాడుతున్నవు.

శిలాక్షరం
చదవడం రానివాళ్ళను నేను తక్కువ చేయలేదు. చదివి చెప్పేవాడు లేకపోవడం మీదే నా కోపం. గుడి ముందు ఒక మంచి బోర్డు, దాని మీద శాసనం వచనంలో నాలుగు పంక్తులు ఉంటే ఎవరైనా ఆగుతారు. అది లేనందువల్ల 'ఏముంది అక్కడ' అంటున్నారు. కంటికి కనిపించేదే చూడదగింది అంటే మన కోటలో స్వయంభూ దేవాలయం పడిన చోటు కూడా చూడక్కర్లేదు, నాలుగు తోరణాలూ చూసి వచ్చేయొచ్చు.

కాజీపేట జంక్షన్
ఇప్పుడొచ్చినవు అసలు మాటకు. నీకు తెలుసుకుంటే చూసినట్టు. మాకు చూస్తే చూసినట్టు. ఒక్క రోజు సెలవు దొరికినోడు తెలుసుకునుడు ఇంటికాడ చేస్తడు, చూసుడు ఆడ చేస్తడు. బోర్డు లేదు, నీడ లేదు అని ముందే చెప్పి పంపు, అప్పుడు లొల్లి లేదు. నువ్వు 'వదిలిపెట్టకండి' అని ఊరుకుంటవు.

శిలాక్షరం
సరే, ఆ మాట ముందే చెప్పాల్సింది.

బాపట్ల అల్లుడు
చీరాల దాకా వచ్చేవాళ్ళకు ఇంకోటి. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నాటిది, గాంధీగారి చేతికర్ర అక్కడ ఉంది. జీడిపప్పు కూడా వేటపాలెంలోనే కొనండి. కొనేముందు ఒక పప్పు విరిచి చూడండి, చప్పుడు రాకుండా వంగితే చెమ్మ ఉన్నట్టు.

హంటర్‌రోడ్ అక్క
అందరికి దండాలు. మీ కొట్లాట అంతా అత్తమ్మకు చదివి వినిపిచ్చిన. కౢప్తం, కూపం ఏం పట్టిచ్చుకోలే. "మోటుపల్లిల ఉన్నది వీరభద్రుడా? మన కురవి వీరన్ననే గదా, ఆడ సుత కొబ్బరికాయ కొట్టి రావాలె" అన్నది. సముద్రం ఎట్ల అంటే, "అండ్ల దిగ, కాళ్ళు తడుపుకుంట" అన్నది. గీ మాట మీరెవ్వరు చెప్పలే. రామప్ప సంక్రాంతికి పోతం. ఇసుకల ఆమెను ఎట్ల నడిపియ్యాలె?

ములుగు చౌరస్తా
రెండేండ్లకొకసారి మేడారం జాతర ఉంటది, అది పడే ఏడాది సంక్రాంతి నుంచే ఆ రోడ్డు మీద రద్దీ మొదలయితది. చూసుకొని పోన్రి.

బాపట్ల అల్లుడు
పొడి ఇసుకలో మోకాళ్ళు పట్టేస్తాయి. పోటు తగ్గినప్పుడు వెళ్తే తడిసిన గట్టి ఇసుక వెడల్పుగా దొరుకుతుంది, దాని మీద మామూలుగా నడుస్తారు. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి ముందురోజు ఎవరో చెప్పిన టైము పట్టుకోవద్దు. పొడి ఇసుక దాటేదాకా ఇద్దరు రెండు రెక్కలు పట్టుకోండి. ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి తీసుకుని తడి ఇసుకలో వేయండి, కుర్చీ కాళ్ళు దిగబడకుండా వాటి కింద చిన్న చెక్కముక్కలు పెడితే సరి.

శిలాక్షరం
గుడి మధ్యాహ్నం మూసేలోపు వెళ్ళండి. టార్చి ఒకటి పట్టుకెళ్ళండి. అక్షరాలకు ఎదురుగా కాకుండా స్తంభం పక్క నుంచి, రాయికి ఆనించినట్టు వెలుగు వేయండి, గీతలు నీడ పట్టి పైకి తేలతాయి. కనబడలేదని సుద్దముక్క, పిండి రుద్దొద్దు. పదకొండేళ్ళ పిల్లాడికి 'గణపతి' అనే నాలుగు అక్షరాలు వెతకమని చెప్పండి.

కాజీపేట జంక్షన్
పిలగానికి పరీక్ష పెట్టనే పెట్టిండు. అక్కా, టికెట్లు రెండు వేరే వేరే, మర్చిపోకు. అత్తమ్మ వయసు ఆధార్ల ఎట్లుందో అట్లనే కొట్టు.