మహేంద్రగిరి మీద మొదటి రాత్రి: స్లీపింగ్ బ్యాగ్ కొనాలా, ఇంట్లో కంబళి చాలా?

కాశీబుగ్గ_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గ. జనవరిలో ఇద్దరు స్నేహితులతో కలిసి మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కి, ఒక రాత్రి పైనే పడుకుని మర్నాడు దిగాలని అనుకుంటున్నాం. శివరాత్రికి జనంతో పాటు ఒకసారి ఎక్కాను, కానీ ఆ రాత్రి ఎవరూ పడుకోరు కదా, పైన నిద్రపోతే చలి ఎలా ఉంటుందో తెలియదు. ఇది బాగా జరిగితే వచ్చే డిసెంబరుకి ఉత్తరాఖండ్ వెళ్ళి కేదార్‌కంఠ మంచులో టెంట్ వేయాలని ఆశ. ముగ్గురికీ కలిపి చేతిలో 6 వేలు ఉన్నాయి. టెంట్ అద్దెకు దొరికింది. స్లీపింగ్ బ్యాగులు కొనాలా, ఇంట్లో కంబళ్ళు సరిపోతాయా?

వంశధార_మాస్టారు:
కంబళి చాలు బాబూ. మా నాన్న పాతపట్నం దగ్గర కొండల్లో నలభై ఏళ్ళు గొర్రెలు కాశాడు. సంక్రాంతి చలిలో కూడా ఒక్క నల్ల కంబళి, కింద ఇంత ఎండుగడ్డి, పక్కన నెగడు, అంతే. పదో తరగతి సెలవుల్లో నేనూ ఆయన పక్కన అలాగే పడుకున్నాను. కంబళి తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది. నిప్పురవ్వ పడితే చిన్న చిల్లు పడి ఆరిపోతుంది, ఆ నైలాన్ సంచి అయితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. 6 వేలు దాచుకోండి.

సాలూరు_లారీ:
ముందు అనుమతి సంగతి చూసుకోండి. శిఖరం ఒడిశా గజపతి జిల్లాలోకి వస్తుంది, అక్కడి ఫారెస్టు వాళ్ళని అడగకుండా రాత్రి ఉండొద్దు.

చంపావతి:
తమ్ముడూ, బ్యాగా కంబళా అన్నది తర్వాత. వీపు కింద ఏం వేస్తున్నారు? కొత్తవాళ్ళందరూ పైన కప్పుకునేదాని గురించే ఆలోచిస్తారు. మనిషి బరువుకి కింద ఉన్నది ఏదైనా నలిగి పల్చనైపోతుంది, అందులో గాలి మిగలదు, ఇక తెల్లారేదాకా నేల మన ఒంట్లో వేడి లాగేస్తూనే ఉంటుంది. ముందు తలా ఒక ఫోమ్ మ్యాట్ కొనండి. నేను విజయనగరంలో 700కి కొన్నాను, చుట్టి బ్యాగుకి కట్టుకుంటే బరువే తెలియదు.

చలి లెక్క కూడా చూసుకో. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మహేంద్రగిరి 1501 మీటర్లు. పలాసలో తెల్లవారుజామున 16 ఉంటే పైన 7 చుట్టుపక్కల ఉంటుంది, దానికి గాలి అదనం. ఎక్కేటప్పుడు చెమట పట్టిన కాటన్ టీషర్టుతోనే పడుకుంటే ఆ 7 కూడా గడ్డకట్టించేలాగే ఉంటుంది. పడుకునే బట్టలు విడిగా పాలిథిన్ కవర్లో కట్టి పెట్టుకోండి, ఏం జరిగినా సాయంత్రం దాకా అవి బయటికి తీయొద్దు.

బొబ్బిలి_వీణ:
స్లీపింగ్ బ్యాగులన్నీ దండగ. నాది 5 డిగ్రీల బ్యాగ్ అని రాసి ఉంది, 9 డిగ్రీలకే వణికిపోయాను.

చంపావతి:
@బొబ్బిలి_వీణ కింద మ్యాట్ ఉందా?

బొబ్బిలి_వీణ:
లేదు. బ్యాగ్ చాలన్నారు.

చంపావతి:
అదే నేను చెప్పేది. పరీక్ష చేసి ఇచ్చిన అంకె అయితే, ఆ పరీక్షలో బ్యాగులో పడుకోబెట్టే మనిషి ఆకారం బొమ్మ కింద మ్యాట్ ఉంటుంది, బొమ్మకి ఒంటినిండా బట్టలుంటాయి. మ్యాట్ లేకపోతే ఆ అంకెకి అర్థమే లేదు. పైగా లేబుల్ మీద మూడు అంకెలుంటాయి. కంఫర్ట్ అంటే చలికి తొందరగా వణికే మనిషి కూడా నిద్రపోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుంటే ఎలాగో గడిచేది. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం మిగలడం గురించి. అమ్మేవాళ్ళు పెద్ద అక్షరాలతో ఏది రాశారో చూడాలి. కంఫర్ట్ అంకె ఒక్కటే చూసి కొనాలి.

వంశధార_మాస్టారు:
అమ్మా, మా నాన్న ఏ లేబులూ చదవలేదు. నలభై ఏళ్ళు బతికే ఉన్నాడు కదా. 5 డిగ్రీలని రాసి 9కే వణికించే వస్తువుని మళ్ళీ దాని కింద ఇంకో వస్తువు కొని సరిచేయమంటున్నారు. నేను అడిగేది ఒక్కటే, కంబళికి ఏ అంకె రాసుంది? ఏమీ లేదు. కప్పుకుంటే తెలుస్తుంది.

చంపావతి:
మాస్టారూ, మీ నాన్నగారు ఎండుగడ్డి పరిచి పడుకున్నారని మీరే రాశారు. ఆ గడ్డి మధ్యలో గాలి ఉంటుంది, అదే మ్యాట్. నేను కంబళిని తప్పుపట్టడం లేదు, ఉన్ని మంచిదే. వీళ్ళు మందస నుంచి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఎక్కరు కదా!

వంశధార_మాస్టారు:
గడ్డి కాకపోతే ఎండుటాకులు. కొండ మీద ఆకులకి కరువా?

ఉద్దానం_జీడి:
ఎండుటాకులు పోగేసి పడుకోవద్దు మాస్టారూ. తేళ్ళు ఉంటాయి, కట్లపాము రాత్రుళ్ళే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. కరిచినా నొప్పి తెలియదు. అడుగు కుట్టిన టెంట్‌లో జిప్పు పూర్తిగా వేసుకుని పడుకోవాలి. కంబళి ఎంత వెచ్చనిదైనా పాముని ఆపదు.

వంశధార_మాస్టారు:
టెంట్ వద్దని నేను అనలేదు. బ్యాగ్ దండగ అన్నాను. మరీ చలైతే టెంట్ లోపల గుమ్మం దగ్గర చిన్న కుంపటి పెట్టుకుంటే గంటలో వెచ్చబడుతుంది, ఇళ్ళల్లో బాలింతలకి పెట్టరా?

చంపావతి:
కుంపటి వద్దు. ఈ ఒక్క మాట పెద్దవాళ్ళు చెప్పినా వినొద్దు తమ్ముడూ. బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మత్తు వస్తాయి, నిద్ర పట్టిందనుకుంటాం, ఇక లేవం. జిప్పు కొంచెం తెరిచి ఉంచితే చాలని అనుకోవడం కూడా తప్పే. గ్యాస్ పొయ్యి అయినా బయటే వెలిగించాలి. మాస్టారూ, మీలాగా తేలిగ్గా చెప్పే పెద్దల మాట వినే పిల్లలు చచ్చిపోతారు.

వంశధార_మాస్టారు:
అయితే మేం పిల్లల్ని చంపేవాళ్ళమా? ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, ఇలాంటి మాట ఎవరి దగ్గరా పడలేదు.

బొబ్బిలి_వీణ:
ఇద్దరూ శాంతించండి.

చంపావతి:
శాంతించను. ఎందుకో చెప్తాను. నాలుగేళ్ళ కిందట డబ్బులు తీసుకుని తీసుకెళ్ళే ఒక బృందంతో అరకు వైపు కొండ మీదకి వెళ్ళాం. సాయంత్రం జల్లు పడి అందరం తడిశాం. మ్యాట్లు ఇవ్వలేదు. నా స్నేహితుడు చలిగా ఉందని రెండుసార్లు అడిగితే, తీసుకెళ్ళినాయన ఈ మాత్రం చలికేనా అని అందరి ముందూ నవ్వాడు. వాడు మళ్ళీ అడగలేదు. అర్ధరాత్రి దాటాక జిప్పు తెరవడానికి వాడి వేళ్ళు సహకరించలేదు. జిప్పుని పంటితో పట్టి లాగుతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. ఆ తర్వాత వణుకు ఆగిపోయింది, హమ్మయ్య తగ్గింది అనుకున్నాం. తగ్గలేదు, ఒళ్ళు వణకడం కూడా మానేసింది. పక్క టెంట్‌లో ఒక నర్సు ఉండబట్టి సరిపోయింది. తడి బట్టలు తీయించి, కింద రెండు బ్యాగులు మడిచి వేసి, మా ఇద్దరి మధ్య పడుకోబెట్టి, స్పృహ తెలిసి మింగగలుగుతున్నాడని చూశాకే బెల్లం వేసిన వేడినీళ్ళు తాగించింది. ఎవరో బ్రాందీ పోయబోతే లాగేసింది. అక్కడ మంచు లేదు, గడ్డకట్టే చలీ లేదు.

అందుకే "చాలు, మావాళ్ళు బతికారు" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట విన్నవాడు చలేస్తోందని చెప్పడానికి సిగ్గుపడతాడు.

కాశీబుగ్గ_కుర్రోడు:
అక్కా, ఇది ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పేవాణ్ణి కాదేమో.

వంశధార_మాస్టారు:
కుంపటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. తెలియక రాశాను. ఆ అబ్బాయి బతికినందుకు సంతోషం.

మా ఇంటి సంగతి కూడా చెప్తాను. మా చిన్నవాడు ఇలాంటి జాబితా ఒకటి చదివి 14 వేలు వాయిదాల మీద పెట్టి సామాను కొన్నాడు. కొత్త బూట్లు ఒక్క రోజు కూడా తొడిగి నడవకుండా కొండెక్కి, మడమలు పుండ్లు పడి వారం మంచం మీద ఉన్నాడు. వాడి పక్కింటి కుర్రాడు కొండ కిందే పుట్టాడు, ప్రతి బండరాయీ వాడికి తెలుసు. నీ దగ్గర సామాను లేదని వాడిని మావాడి బృందం తీసుకెళ్ళలేదు. చీకటి పడ్డాక దారి తప్పినప్పుడు టార్చి పట్టుకుని వెళ్ళి దింపుకొచ్చింది వాడే. మ్యాట్ మంచిదే అయి ఉండొచ్చు. కొన్నవాళ్ళకే కొండ అనడం నాకు నచ్చదు. నా గొడవంతా అదీ.

చంపావతి:
అది ముందే రాసి ఉంటే నేను అంత మాట అనేదాన్ని కాదు మాస్టారూ. అన్నందుకు క్షమించండి. ఆ కుర్రాడిని వదిలేసి వెళ్ళడం తప్పు. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోను. సామాను లేనివాడిని రమ్మని పిలిచినప్పుడు వాడికి మ్యాట్ ఇవ్వాల్సిన బాధ్యత పిలిచినవాడిదే. కంబళి చాలని పంపేయడం కాదు.

వంశధార_మాస్టారు:
ఇవ్వడం వేరు, కొనమనడం వేరు. నేను మొదటినుంచీ కొనొద్దనే అన్నాను.

సాలూరు_లారీ:
నెగడు వద్దని ఎవరూ అనలేదు. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం. జనవరికి గడ్డి ఎండిపోయి ఉంటుంది, ఒక్క రవ్వ చాలు.

కాశీబుగ్గ_కుర్రోడు:
అయితే ఇలా చేస్తున్నాం. మూడు ఫోమ్ మ్యాట్లు కొంటాం. బ్యాగులు కొనం, ఒక్కొక్కరికి రెండేసి కంబళ్ళు. పడుకునే బట్టలు కవర్లో విడిగా. హెడ్‌ల్యాంపులు రెండు, మనిషికి 4 లీటర్ల నీళ్ళు. నెగడు లేదు, వంట లేదు, అటుకులు బెల్లం. ఫారెస్టు వాళ్ళు వద్దంటే పగలే దిగిపోతాం. దానికి ముందు వచ్చే శనివారం మా మావయ్య జీడితోటలో ఒక రాత్రి టెంట్ వేసి చూస్తాం.

ఉద్దానం_జీడి:
జీడితోటలో వద్దు!! ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి, మనుషుల మీద పడుతున్నాయి. మా ఊళ్ళో చీకటి పడ్డాక తోటలోకి ఎవరం వెళ్ళం. డాబా మీద వేసుకోండి. కొండ మీద కూడా బెల్లం టెంట్‌లో తలకింద పెట్టుకోవద్దు, దూరంగా కట్టండి.

చంపావతి:
డాబాయే మంచిది. టెంట్ పై కిటికీలు కొంచెం తెరిచే ఉంచండి. పూర్తిగా మూస్తే ముగ్గురి ఊపిరి తడికి తెల్లారేసరికి లోపలంతా చుక్కలు కారతాయి, టెంట్ చిల్లు పడిందనుకుంటారు. కేదార్‌కంఠకి మాత్రం ఇదే సామానుతో వెళ్ళొద్దు. అక్కడ గ్యాస్ డబ్బా కూడా చూసి కొనాలి, ఉత్త బ్యూటేన్ అయితే సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ఆ సంగతి వేరే మాట్లాడుకుందాం. రెండేసి కంబళ్ళంటే బరువెంతో తూచారా?

వంశధార_మాస్టారు:
మా నాన్నది ఇప్పుడే బియ్యం కాటా మీద పెట్టి చూశాను. 2 కిలోల 700.

చంపావతి:
రెండు మోస్తే 5 కిలోలు దాటింది మాస్టారూ. నా బ్యాగ్ కిలోన్నర లేదు.

వంశధార_మాస్టారు:
ముగ్గురూ కుర్రాళ్ళే, మోస్తారు. బాబూ, టెక్కలి వైపు వస్తే ఫోన్ చెయ్యి, నాన్న కంబళి ఇస్తాను. తిరిగి తేవాలి సుమా.