‘కొట్లాడుతాది’లో ఆ ‘ట్లా’ సంగతి

పల్లవి: నండూరి సుబ్బారావు గారి ఎంకి పాట ఇలా మొదలవుతుంది: ‘గుండె గొంతుకలోన కొట్లాడుతాది, కూకుండనీదురా కూసింతసేపు’. గిటారూ డప్పూ కలిపి కవర్ పాడేవాళ్ల కోసం అడుగుతున్నాను. అది ‘కొట్లా’నా, ‘కొట్టా’నా? గుండె కొట్టుకుంటుంది కాబట్టి ‘ట్టా’యే నప్పుతుందేమో.

సూర్యగణం: ఛందస్సు దీన్ని తేల్చదండీ. ఎంకి పాట అనగానే పల్లె యాసే గుర్తొస్తుంది గానీ, ఈ రెండు పాదాల నడక ద్విపద, అంటే పాదానికి మూడు ఇంద్రగణాలూ ఒక సూర్యగణమూ. గుండెగొం రగణం, తుకలోన సలం, కొట్లాడు తగణం, చివర ‘తాది’ సూర్యగణం. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ మూడో గణం మొదటి అక్షరానికీ పొత్తు, గు–కొ. రెండో పాదంలో కూ–కూ. ప్రాస, అంటే పాదాల రెండో అక్షరాల పొత్తు, లేదు. ప్రాస లేని ద్విపద కనుక మంజరి. ‘కొట్టాడు’ పెట్టినా తగణమే, యతీ చెడదు.

తుమ్మెద: అర్థాన్ని బట్టి ‘ట్లా’యే. పెనుగులాడు, ఊగులాడు, వెతుకులాడు చూడండి. ‘లాడు’ వస్తే పని పదేపదే జరుగుతున్నట్టు. కొట్టు, లాడు కలిసి ఉకారం జారిపోతే కొట్లాడు. ఇక్కడ తగాదా ఏమీ లేదు, ఆగకుండా కొట్టుకోవడమే.

నిఘంటువు: కొట్టుమిట్టాడులో ‘లా’ లేకుండానే ఆ అర్థం వస్తోంది కదా. లకారం బహువచనానిది. మాటలు ఆడు మాట్లాడు అయింది, పోట్లు ఆడు పోట్లాడు అయింది. దెబ్బలాడు కూడా అంతే. కాబట్టి కొట్లాడులో తగాదా ఉండి తీరాలి.

తుమ్మెద: ఊగులాడుకు బహువచనం ఎక్కణ్ణుంచి తెస్తారు?

గోరువంక: మీరిద్దరూ గుండెనే కర్తగా పట్టుకున్నారు. ‘గుండె గొంతుక’ను ద్వంద్వ సమాసంగా చదవండి. గుండెలోనూ గొంతులోనూ కొట్లాడుతున్నది ఎంకి! మన క్రియకు ఆడదైనా వస్తువైనా ‘ది’ ఒక్కటే, అందుకే రెండర్థాలూ నిలుస్తాయి. తర్వాత చరణంలో విసిరికొట్టేది ఎంకే కదా. అప్పుడు తగాదా అర్థం కూడా ముచ్చటగా సరిపోతుంది. ‘కొట్టాడు’ అంటే ఈ రెండోదారి మూసుకుపోతుంది.

సూర్యగణం: ద్వంద్వమైతే యతిస్థానం దాకా ఒకే ఊపిరిలో రావాలి. బాగుంది. వకీలు వృత్తిలో ఉన్న నండూరి సుబ్బారావు గారు పాల్కురికి సోమన బసవపురాణం నడిపిన ద్విపదలో ‘కూకుండ’, ‘కూసింత’ లాంటి మాటలు కూర్చి, అవి అక్కడే పుట్టాయన్నట్టు వినిపించడం మామూలు పనితనం కాదు.

తాళం: పాడేవాళ్లకు అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఇది ఖండగతి: గణానికి అయిదు మాత్రలు, ‘తాది’కి మూడు, మిగతా రెండూ విరామం. కవర్లు చేసేటప్పుడు దీన్ని 6/8 క్లిక్ (ఆరేసి మాత్రల లయ చూపే టిక్‌టిక్) మీద పెడితే గణానికో మాత్ర అదనంగా మిగులుతుంది. దాన్ని ‘డె’ మీద పెడితే ‘గుండే’ అవుతుంది, అంటే ‘గుండె మాత్రమే’. గోరువంక గారి ద్వంద్వం అక్కడే విడిపోతుంది. ‘గొం’ మీద పెట్టి అచ్చును లాగితే ‘గోంతుక’ అవుతుంది. అందుకే అచ్చును పొట్టిగానే వదిలి, సున్నాను ముక్కులో ఒక మాత్ర నిలపాలి. రెండో గణంలో ‘లో’కు మూడు, మూడో గణంలో ‘లా’కు మూడు ఇవ్వండి. ‘కొట్’ను లాగితే నోట్లో మౌనమే మిగులుతుంది. ‘ట్ట’ అయితే ఆ మౌనం తర్వాత మళ్లీ దెబ్బ పడుతుంది. ‘ట్ల’లో నాలుక లకారం మీదికి జారి స్వరం మెత్తగా అందుకుంటుంది. రివెర్బ్ (రికార్డింగులో కలిపే ప్రతిధ్వని) ఎక్కువైతే ఆ లకారమే మొదట మాయమవుతుంది, వినేవాళ్లకు ‘ట్టా’ అని వినిపిస్తుంది. ఈ పదం దగ్గర రివెర్బ్ తగ్గించండి.

నిఘంటువు: స్వరం మెత్తగా అందుకోవడం గాయకుడి సౌకర్యం, వ్యుత్పత్తికి సాక్ష్యం కాదండీ.

పల్లవి: మరి ‘కూకుండనీదురా’లో కూర్చోనివ్వనిది గుండెనా, ఎంకినా?

గోరువంక: ఎంకే.

సూర్యగణం: గుండె.